అక్క పేరున నా ఫెల్టు రికార్డు

వండిన కూర తినేస్తారు. ఉతికిన చీర కట్టేసుకుంటారు. వేసిన ముగ్గు మీద నుంచి బండి వెళ్ళిపోతుంది. ఇంట్లో ఆడపిల్ల రోజంతా చేసిన పని సాయంత్రానికి ఎక్కడా కనపడదు. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, ఇదీ నేను చేసిన పని అని చూపించడానికి ఉన్నది ఒక్క ఫెల్టు రికార్డే. ఇన్నేళ్ళయ్యాక కూడా దాని గురించి అంత కోపం ఏంటే అని మా అక్క అడుగుతుంది. అడగనీ.

ఎనభైల మొదట్లో సంగతి. నూజివీడులో మాది మామిడికాయల వ్యాపారం. ముందువైపు మండీ, వెనక ఇల్లు, రెండింటికీ మధ్య గడ్డి పరిచి కాయలు మగ్గేసే గది. నాన్న ముసునూరు వైపు తోటలు పూత మీదే బేరం మాట్లాడుకునేవారు. సీజను మొదలైందంటే వాకిలి నిండా లారీలు, కాయలు ఏరే కూలీలు, ఎక్కడెక్కడి నుంచో దిగిన బేరగాళ్ళు. ఆ మూడు నెలలూ ఆడపిల్లలు ముందు గుమ్మం దాటకూడదు. పెరటి వైపు దారి లేదు. ఇక మేం ఎలా ఉండేవాళ్ళమో మీరే ఊహించుకోండి.

ఇంటర్ పాసయ్యాక నన్ను చదువు మానిపించారు. ఊళ్ళోనే కాలేజీ ఉంది, నడిచి వెళ్ళేంత దూరం. "అక్కకి పెళ్ళి కాకుండా చెల్లెలు కాలేజీకి తిరుగుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారే?" అంది నాయనమ్మ. ఆ చూసేవాళ్ళు ఎవరో నాకు ఈ రోజు వరకూ కనపడలేదు. మా ఇల్లు మాత్రం వాళ్ళ మాట మీదే నడిచేది. ఏడ్చి, రెండు పూటలు అన్నం మానేసి, చివరికి ఒక్క అనుమతి సంపాదించాను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా క్రాఫ్టు క్లాసు.

ఆ క్లాసు గుడి వీధిలో ఒక టీచరుగారి వసారాలో జరిగేది. ఆవిడ భర్త గుళ్ళో అర్చకులు. ఆవిడ చాలా ఏళ్ళు హైస్కూల్లో క్రాఫ్టు చెప్పి మానేసి, ఇంట్లో అయిదారుగురు ఆడపిల్లలకి నేర్పేవారు. ఏడాదికి రెండుసార్లు బెజవాడలో క్రాఫ్టు పరీక్ష ఉండేది. అది పాసైతే బళ్ళో క్రాఫ్టు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా ఆశంతా దాని మీదే. జీతం కోసం కూడా కాదు. పొద్దున్న తొమ్మిదింటికి హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా, సీజనైనా సరే ముందు గుమ్మంలోంచి బయటికి నడిచి వెళ్ళడం కోసం.

పరీక్షకి కూర్చోనివ్వాలంటే రికార్డు ఉండాలి. సైన్సు రికార్డు లాంటిదే. ఎడమవైపు తెల్ల పేజీ మీద బొమ్మ గీసి, చేసినదాని నమూనా అంటించాలి. కుడివైపు గీతల పేజీ మీద కావలసిన సామాను, కొలతలు, కుట్టే పద్ధతి రాయాలి. వస్తువు పేరు ఇంగ్లీషులో, మిగతాది తెలుగులో. అలా ఇరవై వస్తువులు. ప్రతిదాని కిందా టీచరుగారి సంతకం, తేదీ. చివర ఆవిడ సొంతంగా పెట్టించిన భాగం ఇంకొకటి ఉండేది. దాని పేరు 'జరిగిన తప్పు'.

"తప్పే జరగలేదని రాసేవాళ్ళ రికార్డు మీద నేను సంతకం పెట్టను. ఎక్కడ పోయిందో, ఎందుకు పోయిందో రాయండి," అనేవారు టీచరుగారు.

మిగతా పిల్లలు ఒక లైను రాసి ఊరుకునేవాళ్ళు. నేను అరపేజీ రాసేదాన్ని. కాజా కుట్టు ఎందుకు ఎగుడుదిగుడుగా వచ్చిందో రాయబోతే, ఆ పూట ఇంట్లో ఏం గొడవ జరిగిందో కూడా రాయాల్సి వచ్చేది మరి. ఇంట్లో ఇవాళ ఏం చేశావని నన్ను అడిగేవాళ్ళు లేరు. అక్కడ అడిగేవాళ్ళు ఉన్నారు, సంతకం కూడా పెట్టేవాళ్ళు. టీచరుగారు చదివి, పెదవి చివర నవ్వి, సంతకం పెట్టి పేజీ తిప్పేసేవారు.

ఫెల్టు గుడ్డ, అంటే బొమ్మలు చేసే మందపాటి ఉన్ని గుడ్డ, బెజవాడ నుంచి రావాలి. ఎవరైనా వెళ్తుంటే పచ్చది, ఎర్రది, పసుపుది అని చీటీ రాసిచ్చేవాళ్ళం, వచ్చిన రంగుతో సరిపెట్టుకునేవాళ్ళం. అందుకే నా రికార్డులో చిలక నీలంగా ఉంటుంది. ఏనుగు, కళ్ళజోడు సంచీ, గోడకి తగిలించే పూలగుత్తి, ఇలా ఒక్కొక్కటే దాటుకుంటూ పద్నాలుగోదానికి వచ్చాం. అది ఎగ్ కోజీ. అంటే ఉడకబెట్టిన కోడిగుడ్డు చల్లారకుండా దాని నెత్తిన పెట్టే టోపీ. ఆ సిలబస్ ఏ దొరగారు రాశారో! మేం వైశ్యులం, టీచరుగారు బ్రాహ్మలు. వసారాలో ఉన్నవాళ్ళలో గుడ్డు చేత్తో పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

"నేనూ ఎప్పుడూ చూళ్ళేదమ్మా. సిలబస్‌లో ఉంది, చెయ్యాలి," అన్నారు టీచరుగారు గంభీరంగా.

కొలత చూడటానికి గుడ్డు లేదు కాబట్టి మండీలోంచి చిన్నరసం మామిడి పిందె ఒకటి పట్టుకెళ్ళి, దాని మీద టోపీ కుట్టాను. కాస్త పెద్దదే అయింది. చిన్న వస్తువే కదా అని నమూనాగా దాన్నే అంటించేశాను. ఇరవై వస్తువులూ పూర్తయ్యేసరికి ఏడాది పైన పట్టింది. మాఘమాసంలో ఆఖరి సంతకం పడింది. పరీక్ష వేసవిలో. అప్లికేషన్ పంపించేశాం. ఆ వారం నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

సరిగ్గా అప్పుడే అక్కకి హనుమాన్ జంక్షన్ సంబంధం వచ్చింది. వాళ్ళకి అక్కడ లారీల సామాన్ల కొట్టు ఉంది. అక్క నాకన్నా రెండేళ్ళు పెద్దది. ఎంతటివాళ్ళనైనా నవ్వించగలదు, సూదిలో దారం మాత్రం ఎక్కించలేదు. పిల్లకి చేతిపనులు వచ్చా అని అబ్బాయి తల్లి ముందే కబురు పెట్టిందట. ఆ మాట వినగానే అమ్మ కళ్ళు నా రికార్డు మీద పడ్డాయి.

మా వైపు ఇది పెద్ద తప్పేం కాదు. పెళ్ళిచూపులకి పక్కింటి కుర్చీలు తెచ్చుకున్నట్టే పక్కింటి అమ్మాయి అల్లికలు కూడా తెచ్చి గోడకి తగిలిస్తారు. నాది సొంత చెల్లెలి పుస్తకమే కదా, ఇంకేంటి? మొదటి పేజీ మీద నా పేరు ఉంది. దాని మీద మైదా జిగురుతో తెల్లకాగితం అంటించింది అమ్మ. "నీ రాత ముత్యాల్లా ఉంటుంది, నువ్వే రాయవే," అంటూ పెన్ను నా చేతికే ఇచ్చింది. నా పేరు మీద అక్క పేరు నా చేత్తోనే రాశాను. ఒక్క పూటే కదా అనుకున్నాను. ఆ ఒక్క పూట మీద నాకు ఇప్పటికీ మంటే.

పెళ్ళిచూపుల రోజున కాఫీలు అందించి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అబ్బాయి తల్లి రికార్డు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుతోంది. పద్నాలుగో వస్తువు దగ్గర ఆగింది.

"ఇదేంటమ్మా?" అని అడిగింది.

అక్కకి ఆ టోపీ ఏమిటో తెలుసు. మా ఇంట్లో కోడిగుడ్డు మాట ఎత్తితే ఏమవుతుందో కూడా తెలుసు. అర నిమిషం కూడా ఆలోచించలేదు.

"పూజ గంటకి తొడుగండీ. దుమ్ము పట్టకుండా," అంది.

నవ్వు ఆపుకోలేక చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ మురిసిపోయింది. "మా గంటకీ ఒకటి చేసిపెడుదువు గాని," అంది. లేచి వెళ్తూ వెళ్తూ, "మా అమ్మాయికి చూపించి పంపిస్తామండీ," అని రికార్డు సంచీలో పెట్టుకుంది. అమ్మ "అయ్యో, దానికేముందండీ, తీసుకెళ్ళండి," అంది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

సంబంధం ఖాయమైంది. రికార్డు మాత్రం రాలేదు. పరీక్ష పెళ్ళికి పన్నెండు రోజుల ముందు పడింది. హనుమాన్ జంక్షన్ ఎంత దూరమని? బస్సులో ముప్పావుగంట. అక్కడ నా పుస్తకం ఎవరింట్లోనో బీరువాలో ఉంది, ఇక్కడ నేనున్నాను. తీసుకురమ్మని అమ్మని అడిగాను.

"ఏమని అడుగుతామే? ఆ పుస్తకంతో మీకేం పని అంటే ఏం చెప్తాం? పరీక్షంటే ఎవరి పరీక్ష అంటారు. అబద్ధం చెప్పారని సంబంధం తప్పిపోతే దాని బతుకేం కాను?" అంది అమ్మ.

నాన్నని అడిగాను. సీజను నెత్తి మీద ఉంది. "పెళ్ళయ్యాక తెచ్చుకుందువులే," అన్నారు తల ఎత్తకుండా. అక్క రాత్రి పక్క మీద నా చెయ్యి పట్టుకుని, "నాకు భయంగా ఉందే," అంది. పెళ్ళికొడుకు దానికి బాగా నచ్చాడు. ఆ మాట దాని మొహంలోనే తెలుస్తోంది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

అప్పటికి క్లాసుకి వెళ్ళడం కూడా ఆగిపోయింది. వాకిట్లో లారీలు వచ్చేశాయి కదా. నేను రావడం లేదని టీచరుగారే మా ఇంటికి వచ్చారు. మొత్తం చెప్పేశాను.

"నేను వెళ్ళి అడిగి తెస్తాను. నా క్లాసు పుస్తకం, నాకు హక్కుంది," అన్నారు టీచరుగారు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న అమ్మ రెండు చేతులూ జోడించింది. టీచరుగారికి కాదు, నాకు. కన్నతల్లి కూతురికి దణ్ణం పెట్టడం చూశాక ఇంకేం చేస్తాను?

"వద్దండి," అన్నాను టీచరుగారితో. "కొత్తది రాసిస్తాను. సంతకాలు పెడతారా?"

"చేస్తే పెడతాను. ఇవాళ్టి తేదీలే వేస్తాను, పాతవి వెయ్యను. ఒప్పుకుంటారో లేదో నీ అదృష్టం," అన్నారు.

నాలుగు వారాల్లో ఇరవై వస్తువులు. మిగిలిన ఫెల్టు ముక్కలు ఆరో వస్తువు దగ్గరే అయిపోయాయి. సీజన్లో బెజవాడ వెళ్ళి నాకు గుడ్డ తెచ్చిపెట్టే తీరిక ఎవరికుంది? బంగినపల్లి కాయలు తీసుకుని లారీలు రోజూ బెజవాడ వెళ్తూనే ఉన్నాయి. పైగదిలో కిటికీ దగ్గర కూర్చుని వాటిని చూసేదాన్ని. మగ్గేసిన కాయల వాసన మెట్ల మీదుగా పైకొచ్చి గది నిండా ఉండేది. అందరికీ అది నోరూరించే వాసన. నాకు ఊపిరాడేది కాదు.

పరీక్ష రోజు పొద్దున్న పదింటికి నేను శుభలేఖలకి నాలుగు మూలలా పసుపు రాస్తున్నాను. అప్పటికి బెజవాడలో పరీక్ష బెల్లు కొట్టి ఉంటారు. పక్కన అక్క కూడా పసుపు రాస్తోంది. అది గడియారం వంక చూసింది, నేనూ చూశాను. దాని పెళ్ళి నాకు ఇష్టమే. ఆ ఒక్క పూట మాత్రం దాన్ని ద్వేషించాను.

పెళ్ళయిన మర్నాడే పంపిస్తానన్న అక్క, గుట్టు బయటపడుతుందన్న భయంతో పంపించలేకపోయింది. శ్రావణమాసం నోములకి పుట్టింటికి వచ్చినప్పుడు చెప్పుకుని ఏడ్చింది. అక్క పేరున నేను కుట్టిచ్చిన అత్తగారి గంట తొడుగు చూసి ఇరుగుపొరుగు వాళ్ళంతా తమకీ కావాలని అడుగుతున్నారట. అక్కేమో రోజూ మధ్యాహ్నం గుడ్డ, కత్తెర పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుందట. లోపల ఊరికే కూర్చుని, గంట తరవాత బయటికి వచ్చి, ఇంకా అవలేదండీ అంటుందట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడు తొడుగులు కుట్టి దాని పెట్టె అడుగున చీరల కింద పెట్టి పంపించాను. ఆ ఏడింటికీ ఏ పుస్తకంలోనూ పేజీ లేదు, సంతకం లేదు. నేను ఇక్కడ పైగదిలో, అది అక్కడ తలుపేసిన గదిలో. పుస్తకం ఒక్కటే ఊరు దాటింది.

దసరాకి నన్ను నాలుగు రోజులు వాళ్ళింటికి పంపించారు. రెండో రోజు మధ్యాహ్నం అక్క అలవాటు ప్రకారం గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను, అక్క అత్తగారు హాల్లో బియ్యం ఏరుతున్నాం. ఆవిడ చేటలోంచి తల ఎత్తకుండా అంది:

"పడుకోనీలే అమ్మా పాపం. మీ అక్కకి కుట్టు రాదని నాకు ముందే తెలుసు."

చేతిలో బియ్యం కింద పోసేశాను.

"పెళ్ళిచూపుల మర్నాడే తెలుసు. మా అమ్మాయి ఆ పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివింది. 'అక్క కబుర్లు చెప్పి నవ్విస్తుంటే ఏనుగు తొండం వంకర పోయింది' అని రాసుంది. 'అక్క కాఫీ ఒలకబోసింది, అందుకే ఈ పేజీ మరక' అని ఇంకోచోట. పెద్దపిల్లకి మళ్ళీ అక్క ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ గంట తొడుగు కథ కూడా చదివాంలే. గుడ్డు దొరక్క మామిడి పిందె పెట్టావటగా?" అని ఆవిడ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "మా ఇంట్లో అందరం చదివాం. మీ బావగారైతే రెండుసార్లు."

మొదటి పేజీ మీద కాగితం అంటించిన మా అమ్మకి, సరే కానివ్వమన్న నాన్నకి, దాని పేరు మీద ఊరేగిన అక్కకి లోపల ఏముందో తెలియదు. ఏడాది పాటు అది మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ వారపత్రికలు అట్ట నుంచి అట్ట దాకా చదివే మనిషి. ఒక్కరంటే ఒక్కరు నా పుస్తకం తెరిచి ఒక్క పేజీ చదివి ఉంటే ఆ తప్పు దొరికిపోయేది. రాసిన నాకైనా గుర్తు రాలేదు, అది వేరే సంగతి.

"మరి తెలిసి కూడా ఎలా ఒప్పుకున్నారండీ?" అన్నాను.

"ఇదేం వింతమ్మా! మా అమ్మాయి పెళ్ళిచూపుల్లో పక్కింటి హార్మోనియం తెచ్చి పెట్టాం. దానికి సరిగమలు కూడా రావు."

"మరి పుస్తకం వెనక్కి పంపలేదేమండీ?" అని అడిగాను.

"మీరు అడగలేదుగా. అడక్కుండా పంపిస్తే, మాకు తెలిసిపోయిందన్నట్టు ఉంటుంది, మీ వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాం. దాంతో ఏమైనా పనుందా?"

పరీక్ష గురించి చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టేసింది. "నీకు పరీక్ష ఉందని మాకెవరు చెప్పారే తల్లీ? కార్డు ముక్క రాసినా మీ బావ బస్సులో పట్టుకొచ్చి ఇచ్చేవాడు కదా," అంది. నిజంగా నొచ్చుకుంది. నేను ఏడ్చాను. పరీక్ష పోయినందుకు అంత కాదు. అడిగితే ఇచ్చేవాళ్ళట. ఇన్ని నెలలూ మా చుట్టూ ఎవరూ గోడ కట్టలేదు. మేమే కట్టుకుని, లోపల కూర్చుని, తలుపు లేదని ఏడ్చాం. ఆ ఏడుపు విని అక్క గదిలోంచి బయటికి వచ్చింది. సంగతి తెలిసి, చేతిలో కత్తెరతోనే గుమ్మంలో కూలబడిపోయింది.

రికార్డు తెచ్చుకున్నాను. తడిబట్ట అద్ది పై కాగితం ఊడదీసి నా పేరు మళ్ళీ రాసుకున్నాను. టీచరుగారు కార్తీకమాసంలో జరిగే పరీక్షకి మళ్ళీ అప్లికేషన్ పంపించారు. జరిగిందంతా విని, రికార్డు చూసి అమ్మ సంబరపడిపోయింది. "పోన్లే, నీ పెళ్ళిచూపులకి పనికొస్తుంది," అంది. నిజంగానే పరీక్షకి అయిదు రోజుల ముందు నాకు పెళ్ళిచూపులు పెట్టారు. ఉంగుటూరు వాళ్ళు. పిల్లవాడు బాగానే ఉన్నాడు. తల్లి రికార్డు అటూ ఇటూ తిప్పి, మూసి, సంచీ దగ్గరికి లాక్కుంది.

"మా వదినగారికి చూపించి పంపిస్తాం," అంది.

అమ్మ "దానికేముందండీ" అనేలోపే నేను పుస్తకం ఇవతలి అంచు పట్టుకున్నాను.

"ఇవ్వనండి. సోమవారం నాకు పరీక్ష. కావాలంటే ఇక్కడే కూర్చుని చదవండి, నేను ఇంకో కాఫీ తెస్తాను," అన్నాను.

ఆవిడ చదవలేదు. వాళ్ళు మళ్ళీ రాలేదు. నాన్న నాతో మాట్లాడటం మానేశారు.

సోమవారం పొద్దున్న ఆరింటి బస్సుకి తయారై, రికార్డు గుండెకి ఆనించుకుని ముందు గుమ్మం దగ్గరికి వచ్చాను. అమ్మ పులిహోర పొట్లం చేతికిచ్చింది. ఇచ్చి కూడా అక్కడే నిలబడింది.

"అందులో నా గురించి ఏమైనా రాశావటే?" అని అడిగింది.

"రాశాను. ఏడాది పాటు ఇంట్లోనే ఉంది, చదువుకోవాల్సింది," అన్నాను. కోపంగానే అన్నాను.

అమ్మ చెయ్యి చాపింది. బస్సుకి ఇంకా పావుగంట టైముంది, ఒక్క పేజీ చదవడానికి చాలు. కానీ ఇస్తే మళ్ళీ నా చేతికి వస్తుందో రాదో అన్న భయం అప్పటికింకా పోలేదు. ఇవ్వకుండానే బస్టాండుకి నడిచాను.